అద్దంలో ఎక్సర్‌సైజు వీడియో: మాట వినిపిస్తోంది, బొమ్మ రావడం లేదు

అద్దం తమ్ముడు, హనుమకొండ
శనివారం రాత్రి 9:52

అందరికీ నమస్తే. ఈ గ్రూపులో పాత పోస్టులన్నీ చదివి, ఇంట్లోనే స్మార్ట్ మిర్రర్, అంటే వెనక తెర ఉన్న అద్దం చేసుకున్నాను. రాస్‌బెర్రీ పై 3 బీ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, 21.5 అంగుళాల పాత మానిటర్ నిలువుగా తిప్పి, ముందు వన్ వే ఫిల్మ్ (వెనక వెలుతురుంటే తెర కనపడుతుంది, లేకపోతే అద్దంలా ఉంటుంది) అంటించిన గాజు. సాఫ్ట్‌వేర్ మ్యాజిక్ మిర్రర్. గడియారం, తిథి, వాతావరణం అన్నీ బాగానే వస్తున్నాయి.

అసలు ఇది చేసింది బాపు కోసం. మూడు నెలల కింద పక్షవాతం వచ్చింది. నడక చాలా వరకు వచ్చింది కానీ మూతి ఎడమ పక్క ఇంకా కిందికే ఉంది. నీళ్ళు తాగితే ఆ మూల నుంచి కారిపోతాయి. ఫిజియోథెరపీ మేడం రోజుకు మూడు సార్లు అద్దం ముందు కూర్చుని ముఖం ఎక్సర్‌సైజులు చెయ్యమన్నారు. బుగ్గలు ఉబ్బించడం, పెదాలు సున్నాలా ముందుకు పెట్టడం, పళ్ళు కనిపించేలా నవ్వడం. ఆమె చేసి చూపిస్తుంటే నా ఫోన్‌లో ఆరు నిమిషాల వీడియో తీసుకున్నాను. బాపుకు ఆమె ముఖం, తన ముఖం ఒకే అద్దంలో కనిపించాలని నా ఆశ.

ఇప్పుడు సమస్య. వీడియో పెడితే మేడం మాట స్పష్టంగా వినిపిస్తోంది. బొమ్మ మాత్రం రాదు. ఆ జాగాలో నల్లగా ఉండి నా మొహమే నాకు కనిపిస్తోంది. రెండు రోజులుగా తల పట్టుకున్నాను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

టంకం, కరీంనగర్
శనివారం రాత్రి 10:15

తమ్ముడూ, ముందు బాపు తొందరగా కోలుకోవాలి.

మాట వచ్చి బొమ్మ రాలేదంటే బోర్డు చెడిపోలేదు, మానిటరూ బాగానే ఉంది. ఆ ఫైలు ఏ కోడెక్‌లో, అంటే వీడియోను కుదించే ఏ పద్ధతిలో ఉందో చూడు. ఇప్పటి ఫోన్లు చాలానే హెచ్‌ఈవీసీలో, అంటే హెచ్.265లో తీస్తాయి. జాగా తక్కువ పడుతుందని అట్లా పెట్టారు. పై 3లో పాత పద్ధతి హెచ్.264ను విప్పే హార్డ్‌వేర్ డీకోడర్ ఉంది, 1080 దాకా పనిచేస్తుంది. హెచ్.265కు లేదు. పైగా మ్యాజిక్ మిర్రర్ నడిచేది ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ మీద, అంటే లోపల ఉన్నది క్రోమియం బ్రౌజర్. అది బొమ్మను విప్పలేకపోయినా శబ్దం ఏఏసీ అనే వేరే పద్ధతిలో ఉంటుంది కాబట్టి శబ్దాన్ని మాత్రం వినిపిస్తుంది. నీకు జరుగుతున్నది ఇదే అనుకుంటున్నాను.

మీడియా ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాం వేసుకుని ఫైలు వివరాలు ఇక్కడ పెట్టు.

అద్దం తమ్ముడు, హనుమకొండ
శనివారం రాత్రి 10:41

అన్నా, మీరు అన్నట్టే ఉంది. హెచ్‌ఈవీసీ, 3840 బై 2160, సెకనుకు 60 ఫ్రేములు. ఫోన్‌లో అట్లా సెట్ అయి ఉన్నదని నాకు తెలియదు.

అద్దం తమ్ముడు, హనుమకొండ
ఆదివారం ఉదయం 7:30

ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్చే ప్రోగ్రాంతో హెచ్.264కి మార్చాను, సైజు 1080కి తగ్గించాను. ఇప్పుడు బొమ్మ వచ్చింది! చాలా థాంక్స్ అన్నా.

కానీ ఆగి ఆగి వస్తోంది. మేడం "నోరు తెరవండి" అన్నాక ఒక క్షణం ఆగి నోరు తెరుచుకుంటోంది. రెండు నిమిషాలయ్యేసరికి మాటకూ పెదాలకూ సంబంధమే లేదు. పెదాలు చూసి చెయ్యాల్సిన ఎక్సర్‌సైజు ఇది. ఇట్లా ఉంటే బాపుకు పనికిరాదు.

కోడ్, పెద్దపల్లి
ఆదివారం ఉదయం 8:05

తమ్ముడూ, నీ బోర్డులో హెచ్.264 హార్డ్‌వేర్ ఉన్నది నిజమే. కానీ మ్యాజిక్ మిర్రర్‌తో వచ్చే ఎలక్ట్రాన్ దాన్ని వాడుకోదు. రాస్‌బెర్రీ పై ఓఎస్‌లో వచ్చే క్రోమియంలో ఆ హార్డ్‌వేర్‌ను వాడుకునే మార్పులు చేశారు. ఎలక్ట్రాన్‌లో ఆ మార్పులు లేవు. అందుకని ప్రతి ఫ్రేమునూ ప్రాసెసరే విప్పాలి. పై 3 ప్రాసెసర్ 1.2 గిగాహెర్ట్జ్, ర్యామ్ 1 జీబీ. పైగా నువ్వు స్క్రీన్ నిలువుగా తిప్పావు. ఈ బోర్డులో 90 డిగ్రీలు తిప్పే పని డిస్‌ప్లే హార్డ్‌వేర్ తనంతట తాను చెయ్యదు, ప్రతి ఫ్రేమునూ మళ్ళీ రాయాలి. ఇంత బరువు అది మొయ్యలేదు.

లెక్క చూడు. 1080 అంటే ఒక ఫ్రేములో 20 లక్షల 73 వేల 600 చుక్కలు. 480 అంటే, 854 బై 480 అనుకుంటే, 4 లక్షల 9 వేల 920. ఐదో వంతు. సెకనుకు 60 ఫ్రేములను 25కి తగ్గిస్తే పని ఇంకా సగానికి పైగా తగ్గుతుంది. మన అద్దంలో వీడియో జానెడు వెడల్పే కనపడుతుంది, దానికి 1080 అక్కరలేదు.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఎక్స్264 (హెచ్.264 తయారుచేసేది), పిక్సెల్ ఫార్మాట్ వైయూవీ 420పీ (8 బిట్ రంగు), స్కేల్ 854 బై 480, ఫ్రేమ్ రేటు 25 పెట్టు. పిక్సెల్ ఫార్మాట్ మరిచిపోకు. ఫోన్ 10 బిట్ రంగులో తీసి ఉంటే మార్చిన ఫైలు కూడా 10 బిట్‌లోనే వస్తుంది, మళ్ళీ ఆడదు.

మంచిర్యాల మేస్త్రి
ఆదివారం ఉదయం 8:40

నాకూ ఇదే బాధ అన్నా. మా అద్దంలో యూట్యూబ్ నుంచి బతుకమ్మ పాటలు పెడితే ఒకటే నత్తనడక. అది కూడా హెచ్.265 నా?

కోడ్, పెద్దపల్లి
ఆదివారం ఉదయం 8:52

కాదు మేస్త్రీ. యూట్యూబ్ మామూలుగా వీపీ9 లేదా ఏవీ1 అనే వేరే కోడెక్‌లలో పంపిస్తుంది. ఆ రెండింటికీ ఏ పై బోర్డులోనూ హార్డ్‌వేర్ లేదు. పై 4 అయితే క్రోమియంలో హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, హెచ్.264 వచ్చేలా చేస్తుంది. పై 5 కొంటే సరిపోతుందని అనుకోకండి, 2023లో వచ్చిన ఆ బోర్డులో హెచ్.264 హార్డ్‌వేరే తీసేశారు. ప్రాసెసర్ బలంగా ఉంది కాబట్టి దానితోనే నెట్టుకొస్తుంది. మీ సంగతి వేరే పోస్టులో మాట్లాడుకుందాం, ఇక్కడ తమ్ముడి పని కానీయండి.

కాజీపేట సిగ్నల్
ఆదివారం ఉదయం 9:20

బాబూ, నేను రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైర్ అయినవాణ్ణి. కోడెక్‌ల సంగతి ఈ పిల్లలే బాగా చెప్తారు. నేను ఒక్కటి అడుగుతాను. కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నావు? ఫోన్ చార్జరా?

అద్దం తమ్ముడు, హనుమకొండ
ఆదివారం ఉదయం 9:34

అవును సార్. ఇంట్లో ఉన్న పాత ఫోన్ చార్జరే. 2 ఆంపియర్లని రాసి ఉంది. ప్లగ్ దూరంగా ఉందని రెండు మీటర్ల కేబుల్ వేశాను. గడియారం అదీ బాగానే నడుస్తోంది కదా అనుకున్నాను.

కాజీపేట సిగ్నల్
ఆదివారం ఉదయం 10:02

గడియారం నడపడానికి కరెంటు ఎంత కావాలి బాబూ! వీడియో మొదలు కాగానే ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లూ ఒక్కసారి లాగుతాయి. అప్పుడు ఆ సన్నని కేబుల్‌లోనే వోల్టేజి పడిపోతుంది. చార్జర్ దగ్గర 5 ఉన్నా బోర్డు దగ్గరికి వచ్చేసరికి అంత ఉండదు. 4.63 కంటే కిందికి పోతే బోర్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. తెర మీద కుడి పైమూలలో పసుపుపచ్చ మెరుపు గుర్తు కూడా చూపిస్తుంది. నువ్వు చూశావా?

టెర్మినల్‌లో వీసీజెన్‌సీఎండీ, గెట్ అండర్‌స్కోర్ థ్రాటిల్డ్ అని కొట్టు. వీడియో ఆడుతుండగానే కొట్టాలి. వచ్చిన అంకె చెప్పు. అట్లాగే మెజర్ అండర్‌స్కోర్ టెంప్ అని కొట్టి వేడి కూడా చూడు.

అద్దం తమ్ముడు, హనుమకొండ
ఆదివారం ఉదయం 11:18

సార్, ఎక్స్ తర్వాత 50005 అని వచ్చింది. వేడి 79 డిగ్రీలు.

మెరుపు గుర్తు నాకు ఎన్నడూ కనపడలేదు. ఎందుకంటే టేకు ఫ్రేము తెర అంచుల మీదికి వేలెడంత వచ్చింది. ఇప్పుడు నాలుగు స్క్రూలు విప్పి ఫ్రేము జరిపి చూశాను. అక్కడే ఉంది సార్, వెలుగుతూ ఆరుతూ. ఇన్ని రోజులూ చెక్క వెనకనే ఉంది.

కాజీపేట సిగ్నల్
ఆదివారం ఉదయం 11:40

50005 అంటే ఇప్పుడు వోల్టేజి తక్కువగా ఉంది, ఇప్పుడు వేగం తగ్గించారు, ఇంతకు ముందు కూడా ఈ రెండూ జరిగాయి అని. చివరి 5 ఇప్పటి సంగతి, మొదటి 5 గడిచిన సంగతి.

5.1 వోల్టులు, 2.5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ తెచ్చుకో, కేబుల్ దానికే అతికి ఉండేది. ప్లగ్ దూరమైతే 230 వోల్టుల ఎక్స్‌టెన్షన్ బాక్సును అద్దం దగ్గరికి తెచ్చుకో కానీ 5 వోల్టుల తీగను పొడవు చెయ్యకు. మార్చాక రీబూట్ చేసి చూడు. రీబూట్ చెయ్యకపోతే గడిచిన సంగతి అట్లాగే చూపిస్తుంది, బాగుకాలేదని అనుకుంటావు.

79 కూడా మంచిది కాదు. 80 దాటితే మళ్ళీ వేగం తగ్గుతుంది. మన దగ్గర మే నెలలో గదిలోనే ఎంత వేడి ఉంటుందో నీకు తెలుసు. వెనక డబ్బా మూసేశావా? పైన రెండు వరసలు, కింద రెండు వరసలు రంధ్రాలు వేయించు. కింది నుంచి చల్లగాలి వస్తే వేడిగాలి పైనుంచి పోతుంది. ఫ్యాన్ అక్కరలేదు. రంధ్రాలు వేసేటప్పుడు బోర్డు తీసి పక్కన పెట్టు, ఇనుప రజను పడితే షార్ట్ అవుతుంది.

అద్దం తమ్ముడు, హనుమకొండ
సోమవారం రాత్రి 8:47

సార్, చౌరస్తా దగ్గర దొరికింది అడాప్టర్. రీబూట్ చేశాక సున్నా వచ్చింది. వడ్రంగి పెదనాన్న వచ్చి రంధ్రాలు వేసి పోయాడు, వీడియో ఆడుతుంటే 66 దాటడం లేదు. 480 వీడియో ఒక్క చోట కూడా ఆగలేదు. మాటా పెదాలూ కలిసి వస్తున్నాయి. మీకు ఎట్లా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఇంకొక్క సంగతి. వీడియో ఎప్పుడు మొదలుపెట్టాలన్నా నేను ఫోన్‌లోంచి లాగిన్ అయి పెట్టాలి. నేను డ్యూటీకి పోతే పగలు బాపు, అమ్మ ఇద్దరే ఉంటారు. అమ్మకు ఇవన్నీ చేతకావు. టైము ప్రకారం దానంతటదే వచ్చేలా పెట్టనా?

టంకం, కరీంనగర్
సోమవారం రాత్రి 9:10

టైము ప్రకారం వద్దు తమ్ముడూ. బాపు పడుకున్నప్పుడు వీడియో మొదలైతే ఏం లాభం. ఒక బటన్ పెట్టు. పెద్దది, ఆర్కేడ్ వీడియో గేమ్ మిషన్ల మీద ఉండేటువంటిది, అరచేతి వెడల్పు. దాని రెండు తీగల్లో ఒకటి బోర్డు మీది జీపీఐఓ 17 పిన్నుకి, ఒకటి గ్రౌండ్ పిన్నుకి. పైథాన్‌లో జీపీఐఓ జీరో లైబ్రరీ ఉంది, నాలుగైదు లైన్లలో పని అయిపోతుంది. రెసిస్టర్ కూడా అక్కరలేదు, ఆ పని చేసే పుల్ అప్ బోర్డు లోపలే ఉంటుంది.

బటన్ నొక్కితే వీడియోను బ్రౌజర్‌లో కాకుండా వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఆడించు. ఫుల్ స్క్రీన్, టైటిల్ చూపించవద్దు, అయిపోగానే మూసుకోవాలి అనే మూడు ఆప్షన్లు ఇవ్వు. వీఎల్‌సీ పై ఓఎస్‌లో హార్డ్‌వేర్‌ను వాడుకుంటుంది. వీడియో అయిపోగానే కింద ఉన్న గడియారం మళ్ళీ కనపడుతుంది. మ్యాజిక్ మిర్రర్‌ను ముట్టుకునే పనే లేదు.

కోడ్, పెద్దపల్లి
సోమవారం రాత్రి 9:31

టంకం అన్న చెప్పింది మంచి పద్ధతి. కానీ ఒక చిక్కు ఉంది. వీఎల్‌సీ ఫుల్ స్క్రీన్‌లో అడ్డం వీడియో పెడితే నిలువు తెర నడుమ కూర్చుంటుంది. సరిగ్గా బాపు ముఖం కనపడాల్సిన చోట. అందుకని వీడియోనే నిలువు కాగితం మీద అతికించినట్టు తయారుచెయ్యి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో మొదట క్రాప్‌తో మేడం ముఖం ఉన్న నడిమి చదరం 2160 బై 2160 తీసుకో. దాన్ని 540 బై 540కి తగ్గించు. తర్వాత ప్యాడ్‌తో 540 బై 960 నల్ల కాగితం చేసి, చదరాన్ని పైన పెట్టు. కింద 420 అంతా నలుపు.

మన అద్దానికి నలుపు అంటే అద్దమే. వెలుతురు రాని చోటే ప్రతిబింబం కనపడుతుంది. నీ మానిటర్ నిలువుగా 48 సెంటీమీటర్లు అనుకుంటే కింది నలుపు 21 సెంటీమీటర్లు వస్తుంది. మనిషి తన ముఖం మొత్తం చూసుకోవడానికి ముఖంలో సగం ఎత్తు అద్దం ఉంటే చాలు, ఎంత దూరంలో కూర్చున్నా అంతే. కాబట్టి బాపుకు ముఖం, మెడ, భుజాలు కూడా కనపడతాయి.

ఫిజియో అక్క, జగిత్యాల
సోమవారం రాత్రి 10:25

తమ్ముడూ, ఈ పోస్టు మొదటి నుంచి చదివాను. నేను ఫిజియోథెరపిస్టును. నీకు ఒక మాట చెప్పాలి.

బాపు వీడియో చూసి చేస్తున్నప్పుడు ఎడమ, కుడి తికమక పడుతున్నాడా? గమనించావా?

అద్దం తమ్ముడు, హనుమకొండ
మంగళవారం ఉదయం 6:50

అక్కా, ఇందాకే కూర్చోబెట్టి చూశాను. మేడం "ఎడమ బుగ్గ మీద వేలు పెట్టి పైకి నెట్టండి" అని తన ఎడమ బుగ్గ చూపిస్తారు. బాపు కుడి బుగ్గ మీద వేలు పెట్టాడు. "అది కాదు బాపూ, ఈ పక్క" అన్నాను. వేలు తీసి మళ్ళీ తెర వైపు చూసి, మళ్ళీ కుడి బుగ్గ మీదే పెట్టాడు. నాకు గుండెలో కలుక్కుమంది. జబ్బు వల్ల ఎడమేదో కుడేదో తెలియకుండా పోయిందా అని భయపడుతున్నాను.

ఫిజియో అక్క, జగిత్యాల
మంగళవారం ఉదయం 7:15

భయపడకు. అనుమానం ఉంటే రేపు మీ మేడం దగ్గర చూపించు, అది వేరే సంగతి. ముందు ఇది విను.

బాపు అద్దంలో తన ఎడమ బుగ్గను ఏ పక్క చూస్తున్నాడు? అద్దానికి ఎడమ పక్కనే. కానీ మేడం కెమెరాకు ఎదురుగా నిలబడింది, ఆమె ఎడమ బుగ్గ తెర మీద కుడి పక్కన వస్తుంది. ఒకే గాజులో ఇద్దరి ఎడమలూ చెరో పక్క ఉన్నాయి. నువ్వే అక్కడ కూర్చుని చెయ్యి, నీ వేలు కూడా కుడికే పోతుంది. మేము పేషెంట్‌కు ఎదురుగా కూర్చుని నేర్పేటప్పుడు ఎడమ అని నోటితో చెప్తూ మా కుడి పక్క చూపిస్తాం, అందుకే.

వీడియోను ఎడమ కుడి తిప్పెయ్యి. అప్పుడు మేడం కూడా బాపు అద్దంలో ప్రతిబింబం అయినట్టే ఉంటుంది.

కోడ్, పెద్దపల్లి
మంగళవారం ఉదయం 7:22

అక్కా, ఇది మా ఎవరికీ తట్టలేదు. తమ్ముడూ, క్రాప్ తర్వాత హెచ్‌ఫ్లిప్ అని ఒక్క మాట చేర్చు, అంతే.

అద్దం తమ్ముడు, హనుమకొండ
మంగళవారం రాత్రి 9:30

చేశాను అక్కా. బాపు మొదటిసారే ఎడమ బుగ్గ మీద వేలు పెట్టాడు. నేను ఏమీ చెప్పలేదు. అమ్మ వంటింట్లోంచి చూస్తూ నిలబడిపోయింది.

అయితే మేడం వెనక తెల్ల గోడ ఉంది. వీడియో మొదలు కాగానే పైన దీపం పెట్టినట్టు వెలుగు వస్తోంది, కింద బాపు ముఖం మసకగా కనిపిస్తోంది. బ్రైట్‌నెస్ తగ్గిస్తే మేడం పెదాలు కనపడటం లేదు. గోడ మీద ఉన్న చార్టు అక్షరాలు కూడా ఇప్పుడు తిరగబడి వస్తున్నాయి, బాపు చూపు అటే పోతోంది.

కాజీపేట సిగ్నల్
మంగళవారం రాత్రి 9:58

మళ్ళీ తీయడమే మంచిది బాబూ. ఇంట్లో నల్ల గొంగడి ఉందా? గోడకు కట్టి దాని ముందు మేడంను నిలబెట్టి తీయి. ఉన్ని కాబట్టి వెలుతురును తాగేస్తుంది, పాలిస్టర్ బట్టలా మెరవదు. దీపం ముఖానికి పక్క నుంచి పడాలి, గొంగడి మీద పడకూడదు.

ఫిజియో అక్క, జగిత్యాల
మంగళవారం రాత్రి 10:10

మేడంకు వీలు కాకపోతే మీ ఇంట్లో వాళ్ళే చెయ్యొచ్చు, కానీ ఆమె ముందు ఒకసారి చేసి, సరిగ్గా ఉందనిపించుకున్నాకే తీయండి. ముఖం ఎక్సర్‌సైజులు మెల్లగా, తక్కువ బలంతో చెయ్యాలి. గట్టిగా లాగితే బాగున్న పక్కే అంతా లాక్కుంటుంది. ఒక్కో ఎక్సర్‌సైజుకూ నడుమ కాసేపు ఖాళీ వదలండి. ఆ ఖాళీలో తెర మొత్తం నల్లగా ఉంచండి, ఆయన తన ముఖాన్ని మాత్రమే చూసుకుంటాడు.

అద్దం తమ్ముడు, హనుమకొండ
తర్వాతి సోమవారం రాత్రి 9:05

అందరికీ ఒకసారి చెప్పాలని రాస్తున్నాను. మేడం ఒప్పుకున్నారు. మా తాత గొంగడి తీసుకుపోయి, క్లినిక్ మూసే వేళకు కిటికీకి కట్టి తీశాం. ఈసారి ఫోన్‌లో ముందే హెచ్.264, 1080, 30 ఫ్రేములు పెట్టాను. క్రాప్ 1080 చదరం, మిగతాదంతా కోడ్ అన్న చెప్పినట్టే. వీడియోలో ఆమె ముఖం ఒక్కటే చీకట్లో తేలుతున్నట్టు ఉంది. దాని కిందనే బాపు ముఖం.

బటన్ ఎర్రది పెట్టాను. కుర్చీ పక్కన స్టూలు మీద, కావాలనే ఎడమ చేతి వైపు పెట్టాను. మేడం అట్లా పెట్టమన్నారు.

ఇంకో సంగతి కూడా కనిపెట్టాను, రాసిపెడితే ఎవరికైనా పనికొస్తుంది. బాపు అద్దం దగ్గరగా కూర్చుని మాటిమాటికి కళ్ళజోడు పెట్టడం, తీయడం చేస్తున్నాడు. తెర గాజు వెనకనే ఉంటుంది, కానీ తన ముఖం గాజు వెనక అంతే దూరంలో ఉన్నట్టు కనపడుతుంది కదా. అర మీటరులో కూర్చుంటే మేడం అర మీటరులో, తన ముఖం మీటరులో. ఒక కళ్ళజోడు రెండింటికీ కుదరలేదు. కుర్చీ మీటరున్నర వెనక్కి జరిపాను. ఇప్పుడు జోడు లేకుండానే రెండూ చూస్తున్నాడు.

మొన్నటి దాకా బుగ్గలు ఉబ్బిస్తే ఎడమ మూల నుంచి వెంటనే గాలి పోయేది. ఇవాళ పొద్దున మేడం ఐదు లెక్కపెట్టే దాకా ఆపాడు.

మంచిర్యాల మేస్త్రి
తర్వాతి సోమవారం రాత్రి 9:40

చాలా సంతోషం తమ్ముడూ. మా అత్తమ్మకు కూడా ఇట్లాంటిదే చేద్దామనుకుంటున్నాను. ఫిల్మ్ నువ్వే అంటించావా? మాకు బుడగలు వచ్చాయి.

అద్దం తమ్ముడు, హనుమకొండ
తర్వాతి సోమవారం రాత్రి 10:02

నేనే అంటించాను అన్నా. మొదటిది నాకూ పాడైంది. రెండోసారి గాజును బ్లేడుతో గీకి కడిగి, నీళ్ళలో రెండు చుక్కల షాంపూ కలిపి గాజు మీదా ఫిల్మ్ మీదా బాగా చల్లాను. నడుమ నుంచి అంచులకు నెట్టుకుంటూ పోవాలి. ఫ్యాన్ ఆపెయ్యండి, దుమ్ము పడుతుంది. అంటించాక రెండు రోజులు నిలబెట్టి ఆరనివ్వండి, వెంటనే ఫ్రేములో పెట్టకండి. ఆదివారం వీలైతే మీ కొలతలు పంపండి, ప్యాడ్ లెక్క నేను వేసి ఇస్తాను.